గోదావరి రాని సముద్రం

అండమాన్ వెళ్లొచ్చినవాళ్ల ఫోనులో ఫొటోలు చూసి వరంగల్‌లో చుట్టాలు, స్నేహితులు మొదట అడిగే మాట ఒకటే: నీళ్లు నిజంగా అంత తేటగా ఉంటాయా, ఫొటోకు రంగు పూశారా? నిజంగానే ఉంటాయి. గాలి లేని పొద్దున పడవ అంచు మీంచి వంగి చూస్తే రెండు నిలువుల లోతున తిరిగే చేప ఒంటి మీది చారలు లెక్కపెట్టవచ్చు. ఆ వెంటనే రెండో ప్రశ్న వస్తుంది. విశాఖలో ఉన్నదీ, ఉప్పాడలో ఉన్నదీ, సూర్యలంకలో ఉన్నదీ అదే బంగాళాఖాతం కదా! మన ఒడ్డున మోకాలి లోతు నీళ్లలో దిగితే పాదాలు కనబడవు, అక్కడ మాత్రం సముద్రం అడుగు కనబడుతుందేం?

ఈ అధ్యాయమంతా ఆ రెండో ప్రశ్నకు జవాబే. సగం జవాబు కోసం సముద్రం దాకా పోనక్కర్లేదు. వానాకాలంలో ఏటూరునాగారం దగ్గర గోదావరి గట్టున నిలబడితే చాలు.

ఒండ్రు చేరని చోటు

ఆగస్టులో మంగపేట, ఏటూరునాగారాల దగ్గర గోదావరి ఎలా ఉంటుందో ఓరుగల్లు ప్రాంతం వాళ్లకు వేరే చెప్పాలా? ఒడ్డు నుంచి ఒడ్డు దాకా మట్టి కలిసిన నీరే. త్ర్యంబకేశ్వరం కొండల్లో పుట్టి 1465 కిలోమీటర్లు నడిచే ఈ నది, మూడు లక్షల చదరపు కిలోమీటర్లకు పైబడిన నేల మీద కురిసిన వానను పోగుచేసుకుంటుంది. మహారాష్ట్ర నల్లరేగడి, మన ఎర్ర చెలకల మట్టి, ప్రాణహిత తెచ్చే అడవి నేల, అన్నీ ఆ నీటిలో కలిసి సముద్రానికి చేరతాయి. ఆనకట్టలు వచ్చాక ఆ ఒండ్రు బాగా తగ్గింది. అయినా వరదొచ్చినప్పుడు సముద్రం రంగు మార్చేంత మట్టి ఇంకా దిగుతూనే ఉంది. దక్షిణాన కృష్ణ, ఉత్తరాన మహానది, ఆ పైన గంగా బ్రహ్మపుత్రలు చేసేదీ ఇదే పని.

ఆ మట్టి మనకు చేసిన మేలు చిన్నది కాదు. కోనసీమను కట్టింది ఆ ఒండ్రే. దాంతో పాటు వచ్చే పోషకాలను తిని సముద్రంలో తేలియాడే సూక్ష్మజీవులు పెరుగుతాయి. వీటినే ప్లాంక్టన్ అంటారు. వాటిని తిని చిన్న చేపలు, చిన్న చేపలను తిని పెద్దవి బతుకుతాయి. కాకినాడ వలలు నిండడానికి ఈ మురికి నీరే మూలం. పాకాల చెరువులో, లక్నవరంలో నీరు పచ్చగా కనబడటానికీ ఇలాంటి సూక్ష్మమైన నాచే కారణం. పచ్చని నీరంటే మేత ఉన్న నీరు.

అండమాన్ దీవులు విశాఖకు సుమారు 1200 కిలోమీటర్ల దూరాన సముద్రం నడుమ ఉన్నాయి. మన నదుల మట్టి అంత దూరం పోలేదు, దారిలోనే అడుక్కి దిగిపోతుంది. దీవుల్లో చెప్పుకోదగ్గ నది అంటే ఉత్తర అండమాన్‌లోని కల్పోంగ్ ఒక్కటే. అందుకే దక్షిణ అండమాన్ పడమటి ఒడ్డున, మనవైపే మొగం పెట్టి ఉన్న వండూర్ దగ్గర సముద్రం అంత తేటగా ఉంటుంది.

ఇక్కడొక చిక్కు ఉంది. అండమాన్‌లో ఏడాదికి దాదాపు 3000 మిల్లీమీటర్ల వాన పడుతుంది. అంటే వరంగల్‌లో పడేదానికి మూడింతలు. దీవులన్నీ ఏటవాలు కొండలు. అంత వాన ఆ వాలు మీద కురిస్తే మట్టి కొట్టుకొచ్చి సముద్రాన్ని బురద చేయాలి కదా? చేయకుండా ఆపుతున్నది అడవి. పైనుంచి పడే చినుకు వేగాన్ని ఆకులు తగ్గిస్తాయి, కొండమట్టిని వేళ్లు పట్టుకుంటాయి. అది దాటి వచ్చిన మట్టిని ఒడ్డున మడ అడవుల వేళ్ల సందుల్లో నీరు వదిలేసి పోతుంది. అక్కడ కొండ మీద చెట్లు కొట్టేస్తే దాని ఫలితం కొన్నేళ్లలో సముద్రం అడుగున కనబడుతుంది.

1983 మే 24న వండూర్‌లో మహాత్మాగాంధీ సముద్ర జాతీయ పార్కు ఏర్పడినప్పుడు ఈ సంగతిని లెక్కలోకి తీసుకున్నారు. 281.5 చదరపు కిలోమీటర్ల ఆ పార్కులో 15 దీవులు, వాటి మీది అడవి, చుట్టూ మడ, మధ్య సముద్రం, అన్నీ ఒకే హద్దులో ఉన్నాయి. ఆ పార్కు గురించి నాకు అన్నిటికన్నా నచ్చిన విషయం ఇదే. నీళ్లను కాపాడాలంటే నేలను కాపాడాలని మన చెరువుల కింద సాగుచేసే ఏ రైతునడిగినా చెబుతాడు. ఎగువ గుట్ట బోసిపోతే చెరువు పూడుతుంది. 2015లో మొదలైన మిషన్ కాకతీయలో ట్రాక్టర్ల కొద్దీ తీసిన పూడికను రైతులు పొలాలకు తోలుకున్నారు. చేనుకు బలమైన ఆ మట్టే పగడపు దిబ్బ మీద పడితే దాని ఊపిరి తీస్తుంది. ఎందుకో తెలియాలంటే ముందు పగడం ఏమిటో చూడాలి.

మేత లేని నీటిలో ఇంత సంత ఎలా?

పచ్చని నీరంటే మేత ఉన్న నీరని ఇంతకుముందు అనుకున్నాం. అంటే తేట నీరు మేత లేని నీరు. మరి వండూర్ దీవుల చుట్టూ అన్ని రంగుల చేపలు, పీతలు, నత్తలు, నక్షత్ర చేపలు ఏం తిని బతుకుతున్నాయి? ప్రపంచంలోని సముద్రాల అడుగు మొత్తంలో పగడపు దిబ్బలున్న చోటు ఒక్క శాతానికి ఎంతో తక్కువ. సముద్రజీవుల్లో మాత్రం సుమారు నాలుగోవంతు జాతులకు బతుకులో ఏదో ఒక దశలో ఆ దిబ్బలే ఆసరా. బీద నీటిలో ఈ కలిమి ఎలా అన్నది చార్లెస్ డార్విన్ పేరుతో పిలిచే పాత చిక్కుముడి. దిబ్బలు ఎలా పుడతాయో వివరిస్తూ ఆయన 1842లో ఏకంగా ఒక పుస్తకమే రాశాడు.

పగడపు దిబ్బ రాయిలా కనబడుతుంది, కొమ్మల చెట్టులా కనబడుతుంది. నిజానికి అది లక్షల చిన్న జంతువుల కాలనీ. ఒక్కొక్కటీ చాలా జాతుల్లో పెసరగింజంత, మినపగింజంత ఉంటుంది. మెత్తని సంచీలాంటి ఒళ్లు, పైన ఒక నోరు, దాని చుట్టూ వేళ్ల వంటి స్పర్శకాలు. దీన్ని పాలిప్ అంటారు, మనం పగడపు పురుగు అందాం. సముద్రపు నీటిలో కరిగి ఉన్న కాల్షియాన్ని తీసుకుని ఈ పురుగు తన కింద సున్నపు గిన్నె ఒకటి కట్టుకుంటుంది. గవ్వల్లో, ఆల్చిప్పల్లో ఉండే పదార్థమే ఇది. తాంబూలంలోకి గుల్లసున్నం కాల్చేది ఇలాంటి చిప్పలతోనే. పాత గిన్నె మీద కొత్త గిన్నె కట్టుకుంటూ పోతే కాలనీ పెరుగుతుంది. బండలా గుండ్రంగా పెరిగే జాతులు ఏడాదికి సుమారు ఒక సెంటీమీటరు పెరుగుతాయి. కొమ్మలుగా పెరిగేవి పది సెంటీమీటర్ల దాకా పోగలవు. ఆ పార్కులోని జాలీ బాయ్ దీవి దగ్గర నీళ్లలో ఒక మనిషి ఎత్తు పగడపు బండ కనబడితే, అది తన బతుకు మొదలుపెట్టి నూరేళ్లు దాటి ఉండవచ్చు. దాన్ని అడ్డంగా కోస్తే చెట్టు మానులో లాగే ఏడాదికొక వలయం ఉంటుంది.

ఇక తిండి సంగతి. పగడపు పురుగు రాత్రుళ్లు స్పర్శకాలు చాచి ఏదో కొంత పట్టుకుని తింటుంది గానీ దాని అసలు ఆధారం అది కాదు. దాని ఒంటి కణాల లోపల సూక్ష్మమైన నాచు కాపురముంటుంది. శాస్త్రజ్ఞులు జూజాంథెల్లే అని పిలిచే ఈ నాచు ఎండను తీసుకుని చక్కెర వండుతుంది. వండినదాంట్లో ఎక్కువ భాగం పగడానికి ఇస్తుంది. కొన్ని జాతుల్లో పగడానికి కావలసిన శక్తిలో తొంభై శాతం దాకా ఇలా వచ్చేదే. బదులుగా పగడం దానికి ఇల్లు ఇస్తుంది, ఎండ తగిలే చోటు ఇస్తుంది, తన ఒంట్లో పుట్టే బొగ్గుపులుసు గాలిని, వ్యర్థాలను ఎరువుగా ఇస్తుంది. ఇంట్లో ఒక పోర్షన్ అద్దెకిచ్చి, అద్దె కింద రోజూ రెండు పూటలా భోజనం తీసుకునే ఇంటివారిని ఊహించుకోండి. అద్దెకున్నవాళ్లు వంటకు వాడేది ఎండ. ఇంటివారి గిన్నెలు కడిగిన నీళ్లే వాళ్ల పెరటికి ఎరువు. బయటి నుంచి పెద్దగా ఏమీ తేనక్కర్లేదు, లోపలిది చుక్క కూడా వృథా కాదు.

దిబ్బ మొత్తంలోనూ ఇదే పద్ధతి నడుస్తుంది. చేప విసర్జించింది స్పాంజీకి, స్పాంజీ వదిలింది పీతకు, పీత చేపకు. మేత తక్కువైన చోట ప్రతి మెతుకూ చేతులు మారుతూనే ఉంటుంది.

ఇప్పుడు మట్టి ఎందుకు శత్రువో తేలికగా అర్థమవుతుంది. నీరు బురదైతే ఎండ అడుగుకు దిగదు, నాచు వండదు, పగడం పస్తుంటుంది. మీద పడిన మట్టిని జిగురు కార్చి తోసేసుకోవడానికి ఉన్న కాస్త శక్తీ ఖర్చయిపోతుంది. మన కోస్తాలో వరదొచ్చినప్పుడు మంచినీరు కలిసి ఉప్పదనం పడిపోవడం ఇంకో దెబ్బ. విశాఖ దగ్గర సముద్రపు రాళ్ల మీద అక్కడక్కడ పగడపు పురుగులు కనబడినా, దిబ్బలు కట్టుకుని ఊళ్లుగా వెలిసేంత వీలు గోదావరి, కృష్ణ ముఖాల దగ్గర వాటికి లేదు. మన దేశంలో పెద్ద పగడపు దిబ్బలు నాలుగు చోట్లే ఉన్నాయి: కచ్ సింధుశాఖ, మన్నార్ సింధుశాఖ, లక్షద్వీపాలు, అండమాన్ నికోబార్. నాలుగింటిలో ఏదీ పెద్ద నది సముద్రంలో కలిసే చోటు కాదు.

మెడలోని పగడం, దిబ్బలోని పగడం

వండూర్ పడవల్లో మన ఆడవాళ్లు తరచుగా అడిగే ప్రశ్న ఒకటుంది: పుస్తెల తాడులో గుచ్చుకునే పగడం ఇక్కడిదేనా? కాదు. ఆ ఎర్ర పగడం వేరే జాతి. ఎక్కువగా మధ్యధరా సముద్రంలో, వెలుతురు తక్కువైన లోతుల్లో, రాతి గుహల అంచుల్లో పెరుగుతుంది. దాని ఒంట్లో నాచు ఉండదు, ఎండతో దానికి పని లేదు. ఎరుపు రంగు దాని గట్టి అస్థిపంజరంలోనే ఉంటుంది కాబట్టి సానపట్టి పూసలు చేయవచ్చు.

ఓరుగల్లుకు ఆ పగడంతో పాత చుట్టరికమే ఉంది. సముద్ర వర్తకులకు అభయమిస్తూ కాకతీయ గణపతిదేవుడు 1244-45లో మోటుపల్లి రేవులో వేయించిన శాసనం, ఏ సరుకుకు ఎంత సుంకమో చెబుతుంది. చందనం, కర్పూరం, ముత్యాలు, ఏనుగు దంతం, పట్టునూలుతో పాటు ఆ జాబితాలో పగడాలూ ఉన్నాయి. సముద్రానికి ఇంత దూరంలో, గుట్టల మధ్య ఉన్న రాజధానికి పగడం ఓడ దిగి, బండెక్కి వచ్చేదన్నమాట.

అండమాన్ దిబ్బల్లో కనబడే ఊదా, పసుపు, గోధుమ రంగులు పగడపు పురుగు ఒంటివీ, దానిలోని నాచువీ. కింది సున్నం తెల్లగానే ఉంటుంది. ఒక కొమ్మ విరిచి తెచ్చుకుంటే ఒడ్డు చేరేలోపే పురుగులు చస్తాయి, రెండు రోజులు వాసన కొడుతుంది, తర్వాత మిగిలేది తెల్లని సున్నపు ముక్క. అందానికని తెచ్చుకున్నదానిలో అందమే మిగలదు. దిబ్బలు కట్టే పగడాలన్నిటినీ 2001లో వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూలులో చేర్చారు. పులికి ఉన్న రక్షణే వీటికీ ఉంది. ఒడ్డున దొరికిన చచ్చిన ముక్క అయినా సంచిలో వేసుకోకూడదు.

ఒడ్డున కాలికింద మెత్తగా తగిలే తెల్లని ఇసుకకూ ఈ కథలో చోటుంది. గోదావరి ఇసుక కొండరాళ్లు అరిగి వచ్చింది. వండూర్ దీవుల ఇసుకలో చాలా భాగం జీవులు కట్టిన సున్నం. పగడాలు, గవ్వలు అలలకు నలిగి కొంత అవుతుంది. మిగతాది చేప నోట్లోంచి వస్తుంది. ముక్కులా గట్టి పళ్లున్న చిలుకచేప పగడపు రాతిని గీకి, దాని మీది నాచు తిని, సున్నాన్ని పొడిగా విసర్జిస్తుంది. పెద్ద చిలుకచేప ఒక్కటే ఏడాదికి వందల కిలోల ఇసుక చేయగలదు. నీళ్లలో తల ముంచి నిశ్శబ్దంగా ఉంటే అది రాతిని కొరికే కటకట స్పష్టంగా వినబడుతుంది.

అద్దం పెట్టుకుని నీళ్లలోకి

హైదరాబాదు నుంచి విమానంలో గానీ, విశాఖ, చెన్నైల నుంచి ఓడలో గానీ పోర్ట్ బ్లెయిర్ చేరవచ్చు. 2024 నుంచి ఆ ఊరి పేరు శ్రీ విజయపురం. అక్కడ బజారులో తెలుగు వినబడితే ఆశ్చర్యపోకండి. 2011 జనాభా లెక్కల్లో ఆ దీవుల్లో తెలుగు మాతృభాషగా ఉన్నవాళ్లు సుమారు 13 శాతం. శ్రీకాకుళం, విశాఖ తీరాల నుంచి వెళ్లి స్థిరపడిన కుటుంబాలు చాలా ఉన్నాయి. ఊరి నుంచి వండూర్ రోడ్డు మీద ముప్పై కిలోమీటర్ల లోపే. అక్కడ అనుమతి తీసుకుని, మడ అడవుల మధ్య పాయల్లోంచి గంటకు కాస్త అటూ ఇటూగా పడవలో పోతే దీవి వస్తుంది.

పార్కు జెట్టీ దగ్గర సంచులు తెరిచి చూస్తారు. వాడి పారేసే ప్లాస్టిక్ ఏదీ దీవికి పోనివ్వరు. నీళ్ల సీసాకు డబ్బు జమ చేయించుకుని, తిరిగి చూపిస్తే ఇచ్చేస్తారు. కొందరికి ఇది చిరాకు తెప్పిస్తుంది. కానీ సముద్రంలో తేలే పల్చని కవరు తాబేలుకు జెల్లీచేపలా కనబడి, అది మింగితే పేగుల్లో అడ్డం పడుతుందని తెలిశాక ఆ తనిఖీ మీద గౌరవం కలుగుతుంది.

దీవి దగ్గర నీళ్లను చూడటానికి రెండు దారులు. ఈత రానివాళ్లు అడుగున అద్దం బిగించిన పడవలో కూర్చుని చూడవచ్చు. ఈత వచ్చినవాళ్లూ, కాస్త ధైర్యం చేసేవాళ్లూ కళ్లకు అద్దం, నోటికి ఊపిరి గొట్టం పెట్టుకుని నీటి మీద బోర్లా తేలవచ్చు. దీన్నే స్నార్కెలింగ్ అంటారు. నడుముకు బెండ్లు కట్టుకుని వ్యవసాయ బావిలో ఈత నేర్చుకున్నవాళ్లకు సముద్రంలో ఒక తేడా వెంటనే తెలుస్తుంది: ఒళ్లు తేలిగ్గా తేలుతుంది. ఉప్పు వల్ల సముద్రపు నీరు బావి నీటికన్నా దాదాపు రెండున్నర శాతం బరువు. అరవై కిలోల మనిషిని అది కిలోన్నర ఎక్కువగా పైకి మోస్తుంది.

గొట్టం ఇంకా పొడవుగా ఉంటే లోతుకు దిగి చూడవచ్చు కదా అని పిల్లలు అడుగుతారు. మంచి ప్రశ్న. ఒక మీటరు లోతుకు దిగితే ఒంటి మీద ప్రతి చదరపు సెంటీమీటరుకు నూరు గ్రాముల నీటి బరువు పడుతుంది. ఛాతీ వైశాల్యం వెయ్యి చదరపు సెంటీమీటర్లనుకుంటే మొత్తం నూరు కిలోలు! గుండెల మీద అంత బరువు పెట్టుకుని, పైనున్న మామూలు గాలిని గొట్టంలోంచి లోపలికి లాగడం మన కండరాల వల్ల కాదు. పైగా పొడవాటి గొట్టంలో మనం వదిలిన గాలే నిలిచిపోయి మళ్లీ అదే పీలుస్తాం. అందుకే స్నార్కెల్ గొట్టం జానెడున్నర కన్నా పెద్దగా పొడవుండదు. లోతుకు పోయే స్కూబా వాళ్లు ఒత్తిడి పట్టిన గాలిని సిలిండరులో వెంట తీసుకుపోయేది ఇందుకే.

అద్దం పెట్టుకోగానే చేపలన్నీ ఉన్నదానికన్నా మూడోవంతు పెద్దవిగా, మరింత దగ్గరగా కనబడతాయి. నీటి నుంచి గాలిలోకి వచ్చేటప్పుడు వెలుగు వంగడమే కారణం. ముట్టుకోవడానికి చెయ్యి చాచితే అందవు. అందకపోవడమే మంచిది. ఇంకో వింత: లోతుకు పోయేకొద్దీ ఎరుపు మాయమవుతుంది. నీరు ముందుగా ఎర్రటి వెలుగును పీల్చేస్తుంది, నీలిని చాలా లోతు దాకా పోనిస్తుంది. పది మీటర్ల దగ్గర ఎర్ర చొక్కా మాసిన గోధుమరంగులో కనబడుతుంది. తేట సముద్రం నీలంగా ఉండటానికి ముఖ్యమైన కారణం కూడా ఇదే. ఆకాశం రంగు అద్దంలోలా పడటం వల్ల అని బడిలో చెప్పేది కొంతవరకే నిజం.

నీళ్లలో చేయకూడని పని ఒకటి గట్టిగా చెప్పాలి. అలసిపోయినా, భయమేసినా దిబ్బ మీద నిలబడొద్దు. కాలి కింద ఉన్నవి రాళ్లు కావు. ఒక్క అడుగుకు ఇరవై ఏళ్లు పెరిగిన కొమ్మ విరగవచ్చు. వెల్లకిలా తిరిగి తేలితే ఒంటికి విశ్రాంతి దొరుకుతుంది. ఎండకు రాసుకునే క్రీముల్లోని ఆక్సీబెంజోన్ వంటి రసాయనాలు పగడపు పిల్లలకు హాని చేస్తాయన్న పరిశోధనల ఆధారంగా హవాయి రాష్ట్రం 2021 నుంచి అలాంటి క్రీముల అమ్మకాన్ని ఆపింది. నిండు చేతుల చొక్కా వేసుకుని దిగితే ఆ క్రీముతో పనే ఉండదు.

అద్దెవాళ్లు వెళ్లిపోతే

పగడానికి ఇష్టమైన వేడి సుమారు 23 నుంచి 29 డిగ్రీలు. ఆ చోట మామూలుగా వచ్చే ఎండాకాలపు వేడికన్నా ఒకటి రెండు డిగ్రీలు పెరిగి కొన్ని వారాలు అలాగే ఉంటే, లోపలి నాచు వంట చెడుతుంది. చక్కెరతో పాటు పగడానికి హాని చేసే పదార్థాలు తయారవుతాయి. అప్పుడు పగడం ఆ నాచును బయటికి గెంటేస్తుంది. రంగు పోయి లోపలి తెల్లని సున్నం కనబడుతుంది. దీన్ని పగడం వెలిసిపోవడం అందాం, బ్లీచింగ్ అని వార్తల్లో వచ్చేది ఇదే. వెలిసిన పగడం వెంటనే చావదు. వేడి తగ్గితే నాచు తిరిగి చేరుతుంది. తగ్గకపోతే తిండి లేక కొన్ని వారాల్లో చచ్చిపోతుంది, దాని మీద గడ్డినాచు పరుచుకుంటుంది.

అండమాన్ దిబ్బలు 1998లో, 2010లో, 2016లో ఇలా వెలిశాయి. 2010 నాటి దెబ్బ చాలా తీవ్రమైనది. ప్రపంచవ్యాప్తంగా పగడాలు వెలిసిపోవడం నాలుగోసారి మొదలైందని శాస్త్రజ్ఞులు 2024 ఏప్రిల్‌లో ప్రకటించారు. 1998, 2010ల మధ్యలో, 2004 డిసెంబరు 26న భూకంపం, సునామీ వచ్చాయి. ఉత్తర అండమాన్‌లో నేల పైకి లేచి, దిబ్బలు నీటి బయటపడి ఎండి చచ్చాయి. పోర్ట్ బ్లెయిర్ వైపు నేల సుమారు మీటరు కుంగింది. నికోబార్ చివర ఇందిరా పాయింట్ దగ్గర నాలుగు మీటర్లకు పైగా కుంగింది.

భూకంపాన్ని ఎవరూ ఆపలేరు. సముద్రం వేడెక్కడాన్ని ఆపడం వరంగల్ వాళ్ల చేతిలోనో, వండూర్ వాళ్ల చేతిలోనో మాత్రమే లేదు, మొత్తం ప్రపంచం బొగ్గు, చమురు కాల్చడం తగ్గించాలి. కానీ వెలిసిన దిబ్బ తిరిగి కోలుకుంటుందా లేదా అన్నది చాలావరకు స్థానికంగా తేలే విషయం. నీరు తేటగా ఉంటే, గడ్డినాచును మేసే చిలుకచేపల వంటివి తగినన్ని ఉంటే, కొత్త పగడపు పిల్లలు పాత సున్నం మీద కుదురుకుంటాయి. మట్టి పడితే, చేపలు పోతే, పగడాల చోటును గడ్డినాచే ఆక్రమిస్తుంది. అందుకే పార్కులో చేపల వేట లేదు. సందర్శకుల కోసం 15 దీవుల్లో రెంటినే తెరుస్తారు, ఆ రెండూ ఒకేసారి కాదు. ఎండ కాసే నెలల్లో జాలీ బాయ్‌కి పడవలు పోతాయి, అది మూసిన వానాకాలంలో రెడ్ స్కిన్‌కి పోతాయి. వారంలో సోమవారం ఏదీ కదలదు. టికెట్టు దొరకలేదని విసుక్కునే సందర్శకులకు పార్కు ఉద్యోగులు చెప్పాల్సిన సంగతి ఇదే: మూసి ఉన్న నెలల్లో ఆ దీవి దగ్గర పడవ తిరగదు, లంగరు పడదు, కాలు మోపరు, పగడం ఏడాదికి పెరిగే సెంటీమీటరు పెరగడానికి ఆ సమయం కావాలి.